ఆదివారం ఫోటోలు

(మ్బెరెంగ్వా దగ్గరొక పల్లె. శనివారం ఉదయం. పొరుగు దేశంలో పనికెళ్ళి చనిపోయిన తవెంగ్వా శవపెట్టెను గుంటలోకి దింపారు. అతని భార్య, టారిరో తల్లి షువై ఫోను చెవికి ఆనించుకుని గుంట అంచున నిలబడి ఉంది. ఫోనులో ఉన్నది అక్కడ అతనితో కలిసి పనిచేసిన జ్విడ్జాయి. పోయినవాడికి అతను సహ్విరా, అంటే చావింట్లో పోయినవాడిలా నడిచి, వాడి బండారమంతా బయటపెట్టి అందరినీ నవ్వించవలసిన నేస్తం. అతనేమన్నా ఎవరూ కోపగించుకోకూడదు.)

"మళ్ళీ అదే మాట! సిగ్నల్ లేదంటావేంటి సహ్విరా? నీ ఊపిరి కూడా వినపడుతోంది నాకు."

"ఊపిరి వినపడుతోందా? అయితే బతికే ఉన్నానన్నమాట. చల్లటి కబురు చెప్పావు, టారిరో అమ్మా."

"వెటకారం ఆపు."

"ఆపితే ఉద్యోగం పోతుంది. నాకు పర్మిట్ అక్కర్లేని ఉద్యోగం ఇదొక్కటే."

"అయితే ఇక్కడికొచ్చి చెయ్యి. పెట్టె దింపేశారు. ఊరంతా నీ కోసం చూస్తోంది."

"ఎలా రమ్మంటావు? వాడికైతే సరిహద్దులో దర్జాగా ముద్ర కొట్టారు. బతికున్నన్నాళ్ళూ చెప్పులరిగేలా తిరిగినా దొరకని ముద్ర, చచ్చాక గంటలో కొట్టేశారు. నేనింకా చావలేదు కదా!"

"షువై! అమ్మాయ్! ఎండెక్కుతోంది తల్లీ. గుంట పూడ్చమంటావా, వద్దంటావా?"

"ఆగండి మామయ్యా. ఇతన్ని ఒక్క మాట అడగాలి."

"పోనీ ఆ ఫోను స్పీకర్లో పెట్టు. సహ్విరా మాట అందరం వినాలి."

"ముందు నేను వినాలి మామయ్యా. తర్వాత మీరు. …ఆఁ, సహ్విరా, చెప్పు. ఆ ఫోటోలు తీసిందెవరు?"

"ఏ ఫోటోలు?"

"ఏ ఫోటోలా! ప్రతి ఆదివారం ఆయన పంపిన ఫోటోలు. ఏనుగు దగ్గరొకటి. పడవ పక్కనొకటి. నీలం నీళ్ళ కొలను దగ్గర కుర్చీలో కాళ్ళు చాపుకుని ఒకటి. ఐదేళ్ళు! శని ఆదివారాలు ఊళ్ళు తిరగడానికి తీరిక ఉంది. ఒక్క క్రిస్మస్‌కి ఇంటికి రావడానికి మాత్రం లేదు."

"అంటే, అక్కడ ఎండ బాగుంటుంది కదా, ఫోటోలు కూడా…"

"దాటెయ్యకు. ఆదివారం ఆదివారం సిగ్నల్ కోసం చెదపుట్ట ఎక్కి నిలబడేదాన్ని. ఫోటో ముక్కలు ముక్కలుగా దిగేది. ముందు టోపీ, తర్వాత నవ్వు, ఆఖర్న కాళ్ళు. ఆ నవ్వు దగ్గర ఆగిపోయినప్పుడల్లా ఒకటే అనుకునేదాన్ని. ఎదురుగా ఫోను పట్టుకుని ఉన్నదెవరు? ఎవర్ని చూసి అంతలా నవ్వుతున్నాడు? నన్ను చూసి ఎప్పుడూ అలా నవ్వలేదే!"

"టారిరో అమ్మా, గుంట దగ్గర నిలబడి అడిగే మాటేనా ఇది?"

"ఇక్కడే అడగాలి. పూడ్చేశాక ఎవర్ని అడగను? పడవ ఫోటోలో ఇసక మీద నీడ పడింది. ఆ నీడకి గౌనుంది. అంచు చుట్టూ కుచ్చులున్న గౌను. ఆవిడ పేరు చెప్పు. చెప్పేదాకా గుంటలో ఒక్క పిడికెడు మట్టి పడనివ్వను. ఆయన్ని నా మొగుడిగా పూడుస్తున్నానో, ఇంకొకత్తె మొగుడిగా పూడుస్తున్నానో నాకు తెలియాలి."

"చెప్పనని వాడికి మాటిచ్చానమ్మా."

"చావింట్లో సహ్విరా నోటికి తాళం ఉండదు. నువ్వెవరికి ఏ మాటిచ్చినా ఇవాళ చెల్లదు."

"చెల్లదా? సరే, విను. ఆ గౌనుకి గడ్డం ఉంది."

"ఏంటీ?"

"పొట్ట కూడా ఉంది. గురక ఉంది. నీ సవతిని నేనేనమ్మా!"

"సహ్విరా…"

"ఐదేళ్ళ కాపురం! ఒకటే గది, ఒకటే దుప్పటి, చలికాలం వస్తే లాక్కుని లాక్కుని చింపేశాం. సవతినని ఊరికే అన్నానా? అది గౌను కాదు తల్లీ, లాడ్జి వంటింట్లో ఏప్రాన్. ఆడా మగా అందరికీ కుచ్చులు పెట్టి కుట్టించారు మహానుభావులు."

"లాడ్జి ఏంటి? ఫ్రాన్సిస్‌టౌన్‌లో తాపీ పని కదా మీది?"

"అది శుక్రవారం దాకా. పేరుకే తాపీ, చేసేదంతా పరుగు మీదే. శుక్రవారం సాయంత్రం లారీ ఎక్కితే తెల్లారేసరికి కసానే, దొరలు షికారుకొచ్చే ఊరు. శని ఆదివారాలు లాడ్జిలో గిన్నెలు నావి, కొలను వాడిది."

"కొలను ఆయనదా?"

"నాచు వాడిది. నీళ్ళు దొరలవి. మోకాళ్ళ మీద కూర్చుని గోడలు గీకేవాడు. దొరలు భోజనాలకి లేచాక ఆ కుర్చీలో ఒక్క నిమిషం. నేను టక్కుమని తీసేవాణ్ణి, వాడు టక్కుమని లేచేవాడు. విహారయాత్ర అనుకున్నావా? ఆహారయాత్ర అది!"

"మరి పడవ?"

"కడిగేవాడు."

"ఏనుగు?"

"తోటలోకొస్తే డబ్బా వాయించి తరిమేవాడు. ఆ ఫోటోలో ముప్ఫై రెండు పళ్ళూ కనపడతాయే, అది నవ్వు కాదు. ఏనుగు ఇటు తిరిగింది. 'తియ్యరా, తొందరగా తియ్యరా' అని అరుస్తున్నాడు. తీశాను. తీసి, వాడికంటే ముందు నేను పరిగెత్తాను."

"హుఁ…"

"నవ్వావు కదూ?"

"లేదు."

"నవ్వావు. ముక్కుతో నవ్వావు."

"షువై, ఏంటమ్మా అది? గుంట దగ్గర నిలబడి నవ్వుతోందని ఆడపడుచులు గొణుగుతున్నారు."

"నా సవతికి గడ్డం ఉందట మామయ్యా."

"ఏమిటే?"

"తర్వాత చెప్తా. …సహ్విరా, నాకెందుకు చెప్పలేదు ఆయన?"

"మొదట్లో చెబుదామనే అనుకున్నాడు. ఈలోగా టారిరో బళ్ళో చెప్పేసుకుంది, మా నాన్న వారం వారం షికారుకెళ్తాడని. ఫోనెత్తితే చాలు, 'ఈ వారం ఏ జంతువుని చూశావు నాన్నా?' ఇంకెలా ఆపుతాడు? వారాంతం వారాంతం అంటూ వాడి అంతం తెచ్చుకున్నాడు వెధవ. ఒళ్ళు కాలిపోతోంది, ఈ వారం పడుకోరా అన్నాను. ఫోటో రాకపోతే పిల్ల కంగారు పడుతుందన్నాడు."

"పోయిన ఆదివారం చెట్టు కింద కూర్చున్న ఫోటో…"

"కూర్చోలేదమ్మా. నిలబడలేకపోయాడు. నేనే చెట్టుకి ఆనించాను. మీ ఆయనది కోతి వంశం కదా, చెట్టు కనపడితే ఎగాదిగా చూసి ఎక్కందే ఊరుకునేవాడు కాదు. అలాంటివాడు చెట్టుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. నాకప్పుడే అర్థమైపోయింది. 'కళ్ళు తెరవరా, ఫోటో' అన్నాను. తెరిచాడు. నవ్వాడు కూడా."

"ఒక్కసారి రావచ్చు కదా. ఉత్త చేతులతో వచ్చినా నేనేమైనా అంటానా? ఇంటికంటే ఎక్కువా ఆ నాచు?"

"వస్తే మళ్ళీ పోనివ్వరు. వెళ్ళిన ఏడాదికే పర్మిట్ కాగితానికి కాలం చెల్లింది. ఇదిగో, మనిషి కాలం చేశాక గానీ దాటలేకపోయాడు. దాటి ఇటొస్తే ఇంక పనుండదు, టారిరోకి బడుండదు. రోజూ అనేవాడు, ఇల్లు దూరం కాదురా, మళ్ళీ పనికి తిరిగి రావడమే దూరం అని."

"అందుకేగా నువ్వూ రాలేదు. నిన్ను తప్పు పట్టనులే. నీకూ పిల్లలున్నారు. పని పోగొట్టుకుని ఇక్కడికొచ్చి ఏం చేస్తావు? అక్కడే ఉండు. స్పీకర్లో పెడతాను, ఆ ఏనుగు సంగతి అందరికీ చెప్పు. నా మొగుడికి నేను మట్టి వేసుకుంటా."

"వెయ్యి తల్లీ. ముందు ఆ చెప్పు తొడుక్కో."

"ఏ చెప్పు?"

"ఎడమ కాలిది. ఊడి వెనకపడింది, నువ్వు చూసుకోలేదు. తుమ్మముళ్ళుంటాయి, గుచ్చుకుంటాయి."

"ఆఁ, అవును. …నా చెప్పు ఊడిందని నీకెలా తెలుసు? సహ్విరా? ఎక్కడున్నావు నువ్వు?"

"మీ పశువుల దొడ్డి వెనకున్నా. చీకటుండగానే సరిహద్దు నది దాటి వచ్చేశాను, ఇంక తిరిగి పోలేనని తెలిసే వచ్చాను. వాడి కోటు వేసుకున్నా, వాడి టోపీ పెట్టుకున్నా. వాడిలా నడుస్తూ వచ్చి మీ అందర్నీ నవ్వించాలని పొద్దుటి నుంచీ లేస్తున్నా, కాళ్ళు నిలబడటం లేదు. మామయ్యని ఇటు పంపించమ్మా, చెయ్యి పట్టుకుని నన్ను నడిపించుకు రమ్మను."