గుమ్మానికి వేపమండలు

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఉగాదికి విజయనగరం కోట వెనక వీధిలో పందిరి వేశారు. వచ్చినవాళ్లందరికీ పచ్చడి పెట్టే పని వీధి ఆడవాళ్లే నెత్తిన వేసుకున్నారు. కొత్తకుండలోని పచ్చడిలో చెయ్యి పెట్టబోయిన చిన్నామెను పెద్దామె మణికట్టు పట్టుకుని ఆపేసింది.

“ఆగవే. మీ గుమ్మానికి మావిడాకులేవి?”

“దొరకలేదత్తా. ఏపమండలే కట్టినాను. ఉగాదికి ఏప మంచిదే గదా?”

“మంచిదే. మరి నీ కూతురేదీ? పొద్దున్నించీ అగుపించలేదు.”

“తొంగున్నాది.”

“పండగపూటా? నిజం సెప్పు. అమ్మవారు పోసిందా?”

“గట్టిగా అనకత్తా! టీకాలోళ్లు పక్కీదిలోనే ఉన్నారు. తెలిస్తే పిల్లని ఆస్పత్రికి అట్టుకుపోతారు.”

“ఆ పిల్లకి ఒళ్లు తుడిసిన సేతుల్తో ఈదంతటికీ పచ్చడి పెడతావేటి?”

“రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు గదా! నీలాగ మావిడాకులు తెచ్చుకునే తెలివి లేకపోయింది నాకు. నీ గుమ్మానికి సూడు, ఎంత గుబురుగా కట్టినావో!”

పెద్దామె పట్టు సడలింది. పందిరి ముందు పిల్లలు దొప్పలు పట్టుకుని అప్పుడే బారు తీరారు.

“ఆ గుబురెందుకనుకున్నావే? ఎనకాల ఏపమండలు అగుపించకుండా. మా మనవడికి ఇయ్యాల నాలుగోరోజు.”

చిన్నామె కుండలోకి చూసింది. అంచుదాకా నిండుగా ఉంది.

“మరి ఈ పచ్చడి కలిపిందెవులత్తా?”

“నేనే,” అంది పెద్దామె. “ఓ సెయ్యెయ్యి. బోర్లించేద్దాం.”