ఖుద్దూస్ కోరిన పాట

కువైట్‌లో మంగఫ్ నుంచి సబ్హాన్ గోదాముకు పోయే కంపెనీ బస్సులో, ఒకే రూములో ఉండే ఇద్దరు ఫోనులో హైదరాబాదు రేడియో వింటున్నారు.

“అన్నా, పాట కోరినోళ్లలో ఖుద్దూస్ పేరు గూడా చదివినారే!”

“నేనే పంపినా.”

“వాడు పోయిన నెలే చనిపోయె గదన్నా. మరిచినావా?”

“మరువలేదప్పా. కార్డుముక్కలు రాసే కాలం నుంచి ఈ ప్రోగ్రాముకు మన రూములో అందరి పేర్లూ పంపుతాండాం. గురువారమైతే రాయచోటిలో వాళ్లమ్మ, వాడి పేరు వినేదాకా అన్నం ముట్టేది కాదు.”

“ఇప్పుడు వింటే ఆయమ్మ ఏడ్వదా?”

“నేనూ అట్లే అనుకున్యా. వాడు పోయినాక పేరు తీసేసి పంపితి. ఆ గురువారం ఆయమ్మ అన్నమే తినలేదంట.”