జంట పాముల రాయి

విగ్రహాలు చెక్కే కొట్టు గడప దగ్గరే పెద్దావిడ ఆగిపోయింది.

“కోడలికి పిల్లల్లేరు నాయనా. నాగప్రతిష్ఠకి జంట పాముల రాయి కావాలి.”

“అయిదేళ్ళ కిందట మీరు చెక్కించిందే ఇక్కడుందిగా అమ్మా.”

“అది మొదటి కోడలికి. సర్పదోషం దానిదేనని, రాయి పూర్తయ్యేలోపే పుట్టింటికి పంపేశాను.”

“ఆ అమ్మాయి పోయిన నెల వచ్చింది. మళ్ళీ పెళ్ళయిందట, చంకలో బిడ్డ. రాయికి పసుపు రాసి దణ్ణం పెట్టుకుంది.”

“నన్ను తిట్టిపోసుంటుంది.”

“లేదమ్మా. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఎప్పుడైనా అడిగితే రాయి మీ ఇంటిదాకా చేర్చమంది.”

“తిట్టినా బాగుండేది. నలభై రోజులు తడిబట్టలతో దాన్నొక్కదాన్నే పుట్ట చుట్టూ తిప్పాను. మావాణ్ణి ఒక్కపూటైనా కదలమనలేదు.”

“మరి పంపమంటారా?”

“ఇప్పుడే వద్దు. ముందు వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఆ పసుపు మాత్రం కడగకు నాయనా.”