దాని మొహం ఎటుందో అటే

బస్టాండుకు వెళ్ళే దారిలో, రోడ్డు మధ్య తాబేలు కనిపించి కోడలు స్కూటర్ ఆపి దిగింది. అత్త, కోడలి సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లోనే ఉండిపోయింది.

"రెండు చేతులతో పక్కల పట్టుకో. తోక పట్టి ఎత్తకు."

"తెలుసు అత్తయ్యా. మీ అబ్బాయి ఎన్నిసార్లు ఆపలేదు ఇక్కడ! ఏ పెళ్ళికీ టైముకి వెళ్ళింది లేదు మేము."

"అటెక్కడికి తీసుకెళ్తున్నావే?"

"చెరువులోకి. ఈ ఎండలో ఎక్కడికి పోతుంది పాపం!"

"చెరువులోంచేగా వచ్చింది! దాని మొహం ఎటుందో అటే దింపాలి. వెనక్కి పెడితే మనం కదలగానే మళ్ళీ రోడ్డెక్కుతుంది. వాడు అన్నీ చెప్పి, ఇదొక్కటీ చెప్పలేదా నీకు?"

"చెప్పారు."

"మరి?"

"బస్సు వెళ్ళిపోతే బాగుండనిపిస్తోంది అత్తయ్యా."

"చాల్లే. అక్కడ ఆ అబ్బాయి పొద్దుటి నుంచీ పడిగాపులు కాస్తుంటాడు. రేపు రిజిస్ట్రారు ఆఫీసులో ఒక్కడే పెళ్ళి చేసుకుంటాడా?"

"ఆయన పోయినప్పటి నుంచీ మీ పక్కనే పడుకున్నాను. ఇక మీరొక్కరే..."

"హాయిగా మంచమంతా నాదే. నిద్దట్లో నీ తన్నులు తప్పుతాయి. ఈ సంబంధం వెతికింది నేనే కదటే! అదిగో, లారీ వస్తోంది. త్వరగా దింపు."

"దింపేశాను. ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా గడ్డిలోకి వెళ్ళిపోయింది."

"మంచిది. బస్సెక్కాక నువ్వూ చూడకు. ఏడుస్తుంటే నా మొహం బావుండదు."