వాల్వుకి వేలాడుతున్న తాళం

పెద్దలారా, మా ఫ్యాక్టరీ వాళ్లారా, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ దణ్ణం. కుర్చీలు చాల్లేదు, ఏమీ అనుకోకండి.

నిదానం మేస్త్రీ పోయాడు. ఏ పని చెప్పినా ముందు ‘నిదానం’ అనేవాడని ఆ పేరు పెట్టింది మీరే. మీకు మేస్త్రీ, నాకు బావ. మా అక్క మొగుడు. ఈ మాట పైకి అంటే ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. నిన్న ఇంటినిండా జనం ఏడుస్తుంటే నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. తాగానో లేదో గుర్తులేదు. మనసు మొద్దుబారిపోయింది.

మా పని తెలియని చుట్టాలున్నారు, వాళ్లకోసం చెబుతాను. మేం చేసేది సీసాలు. సీసా అచ్చు రెండు చెక్కలు. మిషనుకున్న రెండు ఇనుప చేతులు వాటిని మూస్తాయి, తెరుస్తాయి. వాటిని నడిపేది గాలి ఒత్తిడి. మూసుకునేటప్పుడు మధ్యలో మనిషి చెయ్యి ఉంటే? అందుకే రిపేరుకి దిగే ఫిట్టరు ముందు గాలి వాల్వు కట్టేసి, దానికి తన తాళం వేస్తాడు. వేసినవాడే తియ్యాలి. మా బావకి అది వేదవాక్కు.

మొన్న పొద్దున ఆ ఇనుప చేతి మడతలో తొడిగే చిన్న గొట్టం, బుష్ అంటాం, అది అరిగింది. బావ తాళం వేశాడు. పాత బుష్ ఊడదీశాడు. కొత్తది తేవడానికి స్టోరుకెళ్లి, స్టూలు మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. తాళంచెవి చొక్కా జేబులో ఉంది. తాళం ఇంకా వాల్వుకే వేలాడుతోంది. ఇప్పుడది ఎవరు తియ్యాలి?

ఒకసారి మనవాడొకడు తాళం తియ్యడం మరిచి ఇంటికెళ్లిపోయాడు. గేటు దగ్గర లారీలు, మేనేజరు గారు నిప్పులు తొక్కుతున్నారు. తాళం కోసెయ్యమన్నారు. బావ ఏమన్నాడు? ‘తాళం కొయ్యడం నిమిషం పనండి. చెయ్యి అతికించడం ఎవరి పని?’ అన్నాడు. సైకిలెక్కి వెళ్లాడు. మనవాడు మంగలి కుర్చీలో దొరికాడు. ఒక చెంప గీసి, ఒక చెంప నురగతో ఉన్నవాణ్ణి అలాగే ఎక్కించుకొచ్చాడు! ఆ పెద్దమనిషి మూడో వరసలో ఉన్నాడు. నవ్వండి, ఫరవాలేదు. బావ కూడా నవ్వేవాడు.

నా పెళ్లిలో ఏం చేశాడు? భోజనాల బల్ల మీద సీసా తీసి, అతుకు మీద గోరుతో గీకి చూస్తున్నాడు. మా అక్క ‘పెళ్లికొచ్చావా, తనిఖీకొచ్చావా?’ అని కసిరింది. ‘దీని చెక్కలు సరిగ్గా కలవలేదే. పిల్లా పిల్లాడూ కలిశారు, అది చాల్లే’ అన్నాడు. అంతే. నాకు వేరే ఆశీర్వాదం ఇవ్వలేదు.

నిన్న మేనేజరు గారు నన్ను పక్కకి పిలిచి, మెల్లగా, ‘కట్టర్ తెప్పించమంటారా?’ అన్నారు. తప్పు పట్టను, పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు? పక్కనే ఉన్న మన మూడో వరస పెద్దమనిషి అది విని, తనే చెప్పాడు: ‘నా తాళం కొయ్యనివ్వనివాడిది మనం కోస్తామా?’

ఇవాళ పొద్దున అక్క తాళంచెవి నా చేతిలో పెట్టబోయింది. నేను తీసుకోలేదు. ‘అయితే నేనే వచ్చి తీస్తాను. ఆయన జేబులోది నాది కాకపోతే ఎవరిది?’ అంది. ఈ సభ అవ్వగానే అందరం మిషను దగ్గరికి వెళతాం. ముందు నా తాళం వేసి, అక్క ఆయనది తీశాక, ఆ బుష్ నేను బిగిస్తాను.

షిఫ్టు మారేటప్పుడు మాకొక పద్ధతుంది. వచ్చినవాడు తన తాళం వేశాకే, వెళ్లేవాడు తనది తియ్యాలి. ఇన్నేళ్లూ నేను ఆలస్యంగా వచ్చినా, నా తాళం పడేదాకా బావ మాట్లాడకుండా నిలబడేవాడు. ఆ తర్వాతే ఇంటికెళ్లేవాడు. మొన్న నేను లేను. ఆయన వెళ్లిపోయాడు.

రోజూ ఆయన మనకోసం నిలబడ్డాడు. ఇవాళ ఆయనకోసం మనం కాసేపు నిలబడదాం, మాటా పలుకూ లేకుండా. లేవండి.

అక్కా, నువ్వు కూర్చో.