సావిత్రి తర్వాత సుంకులమ్మ

ఉరుకుందమ్మ బడిలో అన్నం వండేది. మన ఊరి పెద్ద బడిలోనే, జిల్లా పరిషత్తు హైస్కూల్లో. ఎన్నేండ్ల నుంచి అంటే ఒక పదారేండ్లు అనుకో. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పిల్లోళ్ళు అన్నం తట్టలు పట్టుకొని వరసగా వస్తే గరిటెతో వేసేది, చాలలేదంటే మళ్ళా వేసేది, అంతే. ఆమెకు ఒక్కతే కూతురు, సుంకులమ్మ. కూతురు యాడుందమ్మా అని ఎవరన్నా అడిగితే, గుంటూరు దిక్కు, ఆడనే ఇచ్చేసినాము అనేదంట. పిల్లోళ్ళా అంటే ఇద్దరు అనేది. ఒక మగపిల్లోడు, ఒక ఆడపిల్ల. మొదట్లో నోటికొచ్చింది చెప్పేసింది, ఇంక చెప్పినాక ఆ పిల్లోళ్ళు పెరగాల కదా! ఏటేటా పెంచుకుంటా వచ్చింది. పోయినేడు పెద్దోడు ఇంటర్‌లో చేరినాడు అనింది. నేను కూడా అడిగిన దాన్నే, నాకూ అట్లే చెప్పింది. ఇప్పుడు మీకు చెప్తాండా వినండి. ఆ పిల్లోళ్ళు లేరు. సుంకులమ్మ కూడా లేదు. పదహైదేండ్లకే పోయింది. ఆ సంగతి ఉరుకుందమ్మకు, ఆమె మొగుడు ఈరన్నకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఈరన్న కూడా పోయినాడు, ఇంక మొన్నటిదాకా ఆమె ఒక్కదానికే.

ఏమైందంటే, సుంకులమ్మ అప్పుడు పదో తరగతి. ఆ ఏడు వానల్లేవు. వానల్లేకపోతే మనోళ్ళు ఏం చేస్తారు? ఇంటికి బీగమేసి, మూటాముల్లె కట్టుకొని, లారీలెక్కి గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి పోతారు. సుగ్గికి పోవడం అంటాం మనం. కార్తీకంలో లారీ వచ్చింది. నాగభూషణం సార్ అని లెక్కల సార్ ఉండె, ఆయనే వాళ్ళ క్లాసు టీచరు, ఆయన ఆ పొద్దు లారీకాడికే వచ్చినాడంట. అమ్మా ఉరుకుందమ్మా, పాపను వదిలిపెట్టి పో, మార్చిలో పరీక్షలు, మా ఇంట్లో ఉంటాది, మా ఆడమనిషి అన్నం పెడతాది అన్నాడంట. పాప దిగేదానికి ఒక కాలు కింద పెట్టింది కూడా. ఉరుకుందమ్మ ఏమనింది? ఇంకో రెండు చేతులు ఉంటే ఇంకో రెండు సాళ్ళు కోస్తాం సార్, పరీక్ష మళ్ళేడు రాస్తాదిలే అని, పాప చేతి రెట్ట పట్టుకొని పైకి గుంజుకుంది. గుంజుకున్న నెలకు జరం వచ్చింది. లారీ తావుకొక ఇంటోళ్ళను దించి పోయింది, వీళ్ళ చేనుకాడ మన ఊరోళ్ళు ఎవరూ లేరు. చేనుగట్టున గుడిసెలో మూడు దినాలు ఉన్నాది. నాలుగో దినం తెల్లారేసరికి లేదు. ఆడనే కాలవ గట్టున పెట్టి వచ్చినారు. ఊరికొచ్చి బస్సు దిగుతానే ఎవరో, పాప ఏది ఈరన్నా అంటే, ఆయన తల ఎత్తకుండా, మంచి సంబంధం వచ్చింది, ఆడనే ఇచ్చేసినాము అన్నాడు. ఎందుకట్ల అన్నాడంటే, సార్ ఊరంతా చూస్తుండగా అడిగిపోయినాడు కదా, ఇంక ఏ మొగం పెట్టుకొని చెప్తాడు? ఒకసారి అన్నాక ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేకపోయింది. అట్ల ఇరవై ఏండ్లయింది.

ఇప్పుడు ఆ సంఘం సంగతి చెప్పాల. మన బడిలో చదివినోళ్ళంతా కూడి ఏడెనిమిదేండ్ల కింద ఒక సంఘం పెట్టుకున్నారు, పూర్వ విద్యార్థులదని. జీతానికి చేసేటోళ్ళు కాదు. ఆదివారం వస్తే చాలు, లైన్‌మ్యాన్ పని చేసే ఆయన వచ్చి బడిలో ఫ్యాన్లు చూస్తాడు, వడ్లాయన వచ్చి బెంచీలకు మేకులు కొడతాడు, ఆడపిల్లోళ్ళు కొందరొచ్చి పదో తరగతోళ్ళకు సాయంత్రాలు లెక్కలు చెప్తారు. వీళ్ళందరికీ ముందు నిలబడేది జిరాక్స్ అంగడి మహబూబు. వాళ్ళకొక పద్ధతి ఉంది. ఉగాది అయినాక మూడో ఆదివారం, పదో తరగతి అయి ఇరవై ఏండ్లయినోళ్ళను పిలుస్తారు. వాళ్ళ పాత గదిలో, పాత బెంచీల మీద, ఎవరి తావున వాళ్ళను కూచోబెట్టి, వాళ్ళ సార్ చేతనే హాజరు పిలిపిస్తారు. వచ్చినోళ్ళు వచ్చినాను సార్ అంటారు. యాడో దూరాన ఉండి రానోళ్ళ పేరొస్తే, రాలేదు సార్ అని ఎవరో ఒకరు అంటారు. సచ్చిపోయినోళ్ళ పేరొస్తే మాత్రం రాలేదు అనకూడదు. బెంచీలో వాళ్ళ పక్కన కూచున్నోళ్ళు లేచి నిలబడి, వచ్చినాడు సార్, వచ్చినాది సార్ అనాల. బతికున్నోళ్ళయితే పని ఉండి రారు, పోయినోళ్ళకు ఏం పని, తప్పకుండా వస్తారు అని వాళ్ళ లెక్క. ఎవరు పెట్టినారో గానీ, మొదటి నుంచీ అదే నడుస్తాంది.

ఏడేండ్లూ ఉరుకుందమ్మ కిటికీకాడ నిలబడి అది చూసింది. చేతి వేళ్ళతో ఏండ్లు లెక్కపెట్టుకుంది. ఈ ఏడు ఆమె కూతురి బ్యాచి. ఆమెకు కావాల్సింది ఏమంటే ఒక్కటే, నాగభూషణం సార్ నోట, ఆ గదిలో, సుంకులమ్మ అనే పేరు ఒక్కసారి వినాల. ఎవరన్నా రాలేదు సార్ అంటారు, అననీ. పేరు వింటే చాలు అనుకుంది. ఆ ఇంట్లో ఆ పేరు పలికి ఎన్నాళ్ళయిందో!

ఆ పొద్దు కోడి కూయకముందే పొయ్యి ముట్టించింది. పొద్దున్నే అందరికీ ఉగ్గాని, బజ్జీ పెట్టింది. మధ్యాన్నానికి అన్నం, వంకాయ కూర, సాంబారు తొమ్మిదింటికంతా దించేసి, చేతులు కడుక్కొని, వేరే చీర కట్టుకొని గది వాకిట్లో నిలబడింది. ఈసారి కిటికీకాడ కాదు. గోవిందమ్మ చూసి, ఏం పెద్దమ్మా, పెండ్లికి పోతున్నట్టు తయారైనావే అనింది. గోవిందమ్మ ఎవరంటే సుంకులమ్మ బెంచీలో పక్కన కూచునేది, ఇప్పుడు ఆశా పని చేస్తాంది. సుంకి వస్తాదేమో అనుకుంటి, ఈసారన్నా రమ్మని చెప్పకపోతివా పెద్దమ్మా అనింది. ఉరుకుందమ్మ, పనుల్లో ఉంటారు కదమ్మా అనింది.

నాగభూషణం సార్‌ను కుర్చీలో కూచోబెట్టినారు. పెద్దాయన అయిపోయినాడు, చెవుల్లో మిషన్. మహబూబు తెల్లటి కాయితాలు చేతికిచ్చినాడు. మొగపిల్లోళ్ళ పేర్లయినాయి. వాళ్ళలో ఇద్దరు పోయినోళ్ళు, పక్కనోళ్ళు లేచి వచ్చినాడు సార్ అన్నారు. ఆడపిల్లల పేర్లు మొదలైనాయి. ఉరుకుందమ్మ వాకిలి చెక్క పట్టుకుంది. ఒక్కొక్కరే అయి, కడాకు సరస్వతి అన్నాడు సార్. వచ్చినాను సార్. సావిత్రి అన్నాడు. వచ్చినాను సార్. హుసేనమ్మ అన్నాడు. రాలేదు సార్, దుబాయ్‌లో ఉంది సార్. అంతే. అయిపోయింది. సార్ కాయితాలు మడిచినాడు. ఒకవేళ కడాకు పిలుస్తాడేమో అని ఇంకా చూస్తాంది ఈమె. అందరూ లేస్తున్నారు. మహబూబు, అన్నం రెడీనా ఉరుకుందక్కా, ఆకలి దంచుతాంది అన్నాడు.

అప్పుడు ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. సార్, ఒకరు ఉండిపోయినారు అనింది. ఎవరక్కా, పేర్లన్నీ కంప్యూటర్లో ఎక్కించింది నేనే కదా అన్నాడు మహబూబు. సావిత్రి తర్వాత సుంకులమ్మ అనింది. వెనక బెంచీలోంచి ఎవరో నవ్వి, ఆయమ్మ పరీక్ష రాయకుండా పెండ్లి చేసుకొని పాయ కదక్కా, మమ్మల్నందరినీ లెక్కల సార్‌కు వదిలిపెట్టి అన్నారు. అందరూ నవ్వినారు. మహబూబు మంచోడే, మెల్లగా చెప్పినాడు, అక్కా, పాత రిజిస్టర్లో ఎర్ర గీత కొట్టేసిన పేర్లు మేము ఎక్కించలేదు, బడి ముగించినోళ్ళవే రాసినాము, సంఘానికి లెక్క అదీ అని. సార్‌కు సరిగా వినపడక, ఆ పాత రిజిస్టర్ తీసుకురాపోరా, చూస్తాం అన్నాడు. మహబూబు కదలలేదు. అవి లేవు సార్, చెదలు పట్టినాయని, పేర్లన్నీ ఎక్కించుకున్నాక అక్కకే ఇచ్చేసినాను, వానల్లో కట్టెలు తడిసి పొయ్యి మండక తిప్పలు పడతాంటే అన్నాడు.

నిజమే. శ్రావణంలో ఒక కట్ట తెచ్చి వంటగదిలో పడేసి పోయినాడు. ఉరుకుందమ్మకు అక్షరం రాదు. పొద్దుకో నాలుగు కాయితాలు చింపి పొయ్యిలో పెట్టింది. ఎన్ని దినాలో గ్యాపకం లేదు. ఏ పొద్దు అన్నంలో పోయిందో ఆ పేజీ.

నాకు మతికి లేదమ్మా, ఇరవై ఏండ్లయింది, ఎవరెవరిని కొట్టేసినానో అన్నాడు సార్. నాకుంది సార్ అనింది ఆమె. అని, మొదలుపెట్టింది. అంజనమ్మ, ఈరమ్మ, గోవిందమ్మ, జయమ్మ, తిమ్మక్క, నరసమ్మ... ఒక్కటి కూడా ముందూ వెనకా కాకుండా. ఎట్లంటే, సుంకులమ్మ బడి నుంచి రాగానే మేకల్ని గోడకు నిలబెట్టి హాజరు పిలిచేది, గొంతు అచ్చం సార్ మాదిరి పెట్టి. పలకని మేకకు బెత్తెం. ఈమె ఇంట్లో రొట్టెలు కాల్చుకుంటా వినేది, దినామూ అదే. అవన్నీ లోపల ఉండిపోయినాయి. బెంచీల మీదోళ్ళు, ఏయ్, జయమ్మ! మన జయమ్మను మర్చిపోతిమి కదే, తిమ్మక్క పాటలు పాడేది కదా, యాడుందో అంటున్నారు. మహబూబు పెన్ను తీసుకొని ఆ తెల్ల కాయితాల మీద సందుల్లో రాసుకుంటున్నాడు. అప్పటికే కొట్టేసినవి పదకొండు పేర్లు తేలినాయి. పదకొండు మందీ సుగ్గికి పోయినోళ్ళ పిల్లలే. ఉరుకుందమ్మ సరస్వతి పేరు చెప్పింది. సావిత్రి పేరు చెప్పింది. ఆ తర్వాత పేరు ఆమె నోట రాలేదు.

సార్‌కు అర్థమైంది. కళ్ళద్దాలు సరిచేసుకొని ఆయనే పిలిచినాడు. సుంకులమ్మ! అని. పాత గొంతుతోనే పిలిచినాడంట. ఉరుకుందమ్మ కోరుకున్నది అయిపాయ, ఇంక చాలు కదా! ఆ మాటకే గోవిందమ్మ చెయ్యెత్తింది. రాలేదు సార్, అత్తగారింట్లో ఉంది, కొడుకు ఇంటర్ చదువుతాండాడు అని నవ్వుకుంటా చెప్పింది. ఉరుకుందమ్మ అనింది, వచ్చినాది సార్.

గదిలో ఎవరో, అట్ల కాదక్కా, ఊళ్ళో లేకపోతే రాలేదు అనాల, నీకు పద్ధతి తెలీదులే అన్నారు. ఏడేండ్లు కిటికీకాడ నిలబడి చూసిన మనిషికి తెలీదా? ఆమె మళ్ళా అనింది. వచ్చినాది సార్.

సార్ కళ్ళద్దాలు తీసేసినాడు. ఎప్పుడమ్మా అన్నాడు. ఆ సుగ్గిలోనే సార్, మీరు లారీకాడికి వచ్చినారు కదా, ఆ మళ్ళా నెల అనింది. ఏమైంది అంటే జరం అనింది. పాప దిగుతాంటే నేనే గుంజుకున్నా సార్ అనింది. ఇంకేముంది చెప్పేదానికి?

గోవిందమ్మ బెంచీ మీద నుంచి లేచింది. పెద్దమ్మా, పెండ్లికి పిలవలేదని నేను ఇరవై ఏండ్లు దాని మీద కోపం పెట్టుకొని ఉన్నాను కదా అనింది. నా కొడుక్కు చిన్నగైన చొక్కాలన్నీ నీ మనవడికని ఏటేటా ఇస్తిని, పంపిస్తానంటివి, తీసుకుంటివి కదా పెద్దమ్మా, ఏం చేసినావు వాటిని అనింది. పెట్టెలో ఉన్నాయమ్మా అనింది ఉరుకుందమ్మ. అన్నీ ఉన్నాయి, మడిచి పెట్టినాను.

సార్ ఆయమ్మ దిక్కు తిరిగి, గోవిందమ్మా, బెంచీలో పక్కన నువ్వు, నువ్వు చెప్పాల, తల్లి చేత చెప్పించకూడదు అన్నాడు. మళ్ళా పిలిచినాడు, సుంకులమ్మ అని. అందరూ గోవిందమ్మ దిక్కు చూసినారు. నేను చెప్పను సార్ అనింది ఆయమ్మ. చెప్తే పోయినట్టే కదా, ఇంతసేపూ అది నాకు బతికే ఉండె సార్, ఇప్పటికిప్పుడు ఎట్ల చెప్పేది, వచ్చేడు చెప్తాలే అనింది. వచ్చేడు వేరే బ్యాచి అని తెలీకనా? సార్ ఇంక పిలవలేదు. బలవంతం చేసేదానికి అదేమన్నా ఎక్కమా?

ఇంతే జరిగింది. ఆ పొద్దు ఎవరూ అన్నం ముట్టలేదని మీరనుకుంటారేమో. తిన్నారు. మూడు దాటింది, ఆకలి కదా మరి. ఉరుకుందమ్మే వడ్డించింది. వద్దక్కా, నువ్వు కూచో, మేము పెట్టుకుంటాములే అన్నాడు మహబూబు, ఆమె గరిటె ఇవ్వలేదు. గోవిందమ్మ అందరికన్నా కడాన వచ్చి తట్ట పట్టింది, ఈమె వేసింది, చాలలేదన్నట్టు తట్ట అట్లే పట్టుకొని నిలబడితే మళ్ళా వేసింది. సాంబారులో ఉప్పు తగ్గిందని ఒకరిద్దరు అనుకున్నారంట. అన్నం వేళకు పోయి నేను కూడా తిన్నాను ఆ పొద్దు. తగ్గింది, నిజమే. ఎవరూ ఉప్పు అడగలేదు.