తగిలించని బూట్ పార్టిషన్

రేకుల ఫ్యాక్టరీ కంప్యూటర్ గదికి లోపల్నుంచి గడియ పెట్టేశాడు రేకులు నొక్కే ప్రెస్ మిషన్ మేస్త్రీ. చేతిలో ఇనప రాడ్డు. కంప్యూటర్లు చూసే బావమరిది గోడకి నక్కాడు.

“చిటికెన వేలికి అయింది. ఇది ఉంగరపు వేలికి!”

“అబ్బా! మోకాలు బావా, మోకాలు పోయింది!”

“పోనీ. నా తమ్ముడికి నాలుగు వేళ్ళు పోయాయిరా. సంచిలో వేసుకుని పరిగెత్తారు ఆస్పత్రికి. సంచిలో! ఏం చేశావు నా మిషన్‌ని?”

“చెప్తా, చెప్తా. ముందా రాడ్డు దించు. అక్క ముఖం చూసైనా...”

“అక్క మాట ఎత్తావంటే పళ్ళు రాలగొడతా. నీళ్ళు నమలకు.”

“నిన్న కెర్నల్ అప్‌డేట్ చేశా.”

“అర్థమయ్యేలా ఏడువు.”

“మిషన్‌ని నడిపే కంప్యూటర్‌కి కెర్నలే గుండెకాయ. లేచేటప్పుడు దాన్ని బూట్ పార్టిషన్‌లోంచి తీసుకుంటుంది. డిస్కులో విడిగా ఉండే చిన్న అర అది. అప్‌డేట్‌కి ముందు ఆ అరని తగిలించాలి. నేను... తగిలించలేదు.”

“ఎందుకని?”

“మర్చిపోయా. కొత్త కెర్నల్ వెళ్ళి అదే పేరున్న ఖాళీ ఫోల్డర్‌లో పడింది. పనైపోయిందనుకుని పాత డ్రైవర్లు, అంటే మిషన్ భాగాల్ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాములు, తుడిచేశా. పొద్దున మీరు ఆన్ చేస్తే లేచింది పాత కెర్నలే. డ్రైవర్లు లేవు. చెయ్యి లోపలుంటే ప్రెస్‌ని ఆపే సెన్సర్ కన్ను ఉందే, అది దానికి అందలేదు.”

“అర తగిలించలేదు! అర! దానికి నా తమ్ముడి చెయ్యా? ఇది నడిమి వేలికి!”

“అమ్మా! కొట్టు బావా, కొట్టు. తప్పు నాదే, చంపినా పడతా. కానీ...”

“కానీ ఏంట్రా?”

“కన్ను అందకపోతే ప్రెస్ కదలదు. తెరంతా ఎర్రగా అయిపోతుంది. ఎవరో ఒకరు ఆ కన్నుతో పనిలేకుండా నడిపించే బైపాస్ తాళం తిప్పితే తప్ప దెబ్బ పడదు.”

“వారానికి నాలుగుసార్లు ఎరుపొస్తుంది ఆ దిక్కుమాలిన తెరకి.”

“ఎవరు తిప్పారు బావా?”

“మధ్యాహ్నంలోగా లారీ కదలాలి. మేనేజరు నా ప్రాణం తోడేస్తున్నాడు.”

“తాళం ఎవరు తిప్పారు?”

“నోర్ముయ్.”

“చిన్నబావేనా?”

“వాడి మీదకి తొయ్యకు! వాడు వద్దన్నాడు. ‘ఎరుపుంది అన్నయ్యా, నేను చెయ్యి పెట్టను’ అన్నాడు. పిరికిపందా అని తిట్టి, తాళం తిప్పి, వాడి మణికట్టు పట్టుకుని నేనే లోపలికి తోశానురా.”